జిడ్డు మరకలకు కుంకుడు రసం: ఆరేళ్ల వాడకం తరువాత

నూనె మరక మీద టాల్కం పౌడరు చల్లడం, గిన్నెలు తోమే ద్రవం రాయడం అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. చెన్నైలో, వేళచ్చేరి వైపున ఉన్న మా ఇంటికి వచ్చేది బోరు నీరు. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల సబ్బు నురగ కట్టదు సరికదా, తెల్లటి తెట్టుగా మారి మరక చుట్టూ అంటుకుపోతుంది. కుంకుడుకాయలో సహజంగా నురగనిచ్చే పదార్థాలైన సపోనిన్లకు ఆ బాధ లేదు. ఆరేళ్లుగా నేను దానిని వదలకపోవడానికి ఈ ఒక్క గుణమే కారణం.

నిరుడు బంధువుల గృహప్రవేశంలో, బంతి భోజనాల దగ్గర, నా కాంచీపురం పట్టుచీర కుచ్చిళ్ల మీద ఆవకాయ నూనె ఒలికింది. పక్కనే ఉన్న మా వదిన కంగారులో తడిగుడ్డతో తుడిచేసరికి రూపాయి బిళ్లంత మరక అరచేయంత అయింది. ఇంటికి రాగానే కింద పాత నూలుగుడ్డ పరచి, పౌడరు చల్లి గంటసేపు వదిలేసి దులిపాను. రాత్రి గింజలు తీసి నానబెట్టిన నాలుగు కాయలను పొద్దున్నే పిసికి వడగట్టి, ముందుగా లోపలి అంచు మీద ఒక చుక్క వేసి రంగు దిగడం లేదని చూసుకున్నాక, నురగను మాత్రమే వేలికొసలతో అద్దాను. రుద్దలేదు. రెండుసార్లకు జిడ్డు పూర్తిగా పోయింది, పట్టు మెరుపు తగ్గలేదు. కారం, పసుపుల లేత నారింజ నీడ మాత్రం మిగిలిపోయింది. నూలుబట్టయితే ఎండకు పసుపైనా వెలిసిపోయేది. పట్టును ఎండలో వేయలేక, ఆ భాగం లోపలి మడతలోకి వచ్చేలా కట్టుకుంటున్నాను.

ఇదొక్కటి ఉంటే చాలునని ఒకప్పుడు మా అపార్ట్‌మెంటులో అందరికీ చెప్పాను. ఇప్పుడు పట్టుకు, ముదురు రంగు నూలుకు మాత్రమే అని కలిపి చెబుతున్నాను, ఎందుకంటే చిక్కటి రసం ఆరిపోయిన చోట మా వారి తెల్ల చొక్కాకు గోధుమరంగు మచ్చ పడింది. బైకు చైను గ్రీజుకైతే ముందు కొబ్బరినూనె రాసి కరిగించి, ఆపైన గిన్నెల ద్రవమే వాడవలసి వచ్చింది.

నేను ఇంటి నుంచే పని చేస్తాను కనుక పొద్దున పూట ఈ ఓపిక నాకు కుదురుతోంది. బోరు నీరు కాక, నగర నీటి బోర్డు సరఫరా చేసే మెట్రో నీరు వచ్చే ఇళ్లలో, ఎనిమిదింటికల్లా ఆఫీసుకు పరుగెత్తేవారికి, ఇంత శ్రమ అవసరం లేదేమో.