320 బై 180లో ఓరుగల్లు కోట: గోడో 4 గేమ్ ఇంజన్ రివ్యూ

పాత టీవీ గేముల్లో లాగా బొమ్మ ఎడమ నుంచి కుడికి ఉరుకుతూ, గుంతలు దుంకుతూ పోయే గేమ్‌ను సొంతంగా చేయడం నేర్చుకోవాలంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ గోడో 4తో మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేదు. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి రేపు గేమ్ అమ్ముకున్నా ఎవరికీ వాటా కట్టే పని లేదు. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. జిప్ విప్పి ఫైలు నొక్కితే తెరుచుకుంటుంది, పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని తిరగొచ్చు. హనుమకొండ హాస్టల్ గదుల్లో కనిపించే పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా 2డీ పని సాఫీగా సాగుతుంది.

చిక్కు ఒక్కటే. దీని డిఫాల్ట్ సెట్టింగులు ఇప్పటి పెద్ద తెరలను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. వాటిని మార్చకుండా మొదలుపెడితే బొమ్మలు మసకబారతాయి, దుంకుడు లెక్క తప్పుతుంది. నేర్చుకునే పిల్లలేమో తప్పు తమదే అనుకుని మధ్యలో వదిలేస్తారు. అందుకే ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ సెట్టింగుల గురించే.

కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, కంపాటిబిలిటీ అని మూడు రెండరర్లు (తెర మీద బొమ్మలు గీసే పద్ధతులు) చూపిస్తుంది. కంపాటిబిలిటీ తీసుకోండి. అది ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది, పాత ఇంటెల్ గ్రాఫిక్స్‌కు అదే సరిపడుతుంది. బ్రౌజర్‌లో ఆడే గేమ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలన్నా దారి అదొక్కటే.

తర్వాత ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో విండో భాగం. వ్యూపోర్ట్ (గేమ్ లోపలి తెర) వెడల్పు 320, ఎత్తు 180 ఇచ్చి, విండో ఓవర్‌రైడ్ (బయట కనిపించే కిటికీ సైజు) 1280, 720 పెట్టండి. స్ట్రెచ్ మోడ్ ‘వ్యూపోర్ట్’, స్కేల్ మోడ్ ‘ఇంటీజర్’. 320 బై 180ని 4తో గుణిస్తే 1280 బై 720, 6తో గుణిస్తే 1920 బై 1080 వస్తుంది. 1366 బై 768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో 4 రెట్లే పడుతుంది. పక్కలకు 43 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 24 చొప్పున నల్లపట్టీలు మిగులుతాయి. మిగలనివ్వండి. తెర నిండాలని ఇంటీజర్ తీసేస్తే బొమ్మ 4.27 రెట్లు సాగుతుంది. అప్పుడు కొన్ని పిక్సెళ్లు 4 చుక్కలు, కొన్ని 5 చుక్కలు అయి, నడుస్తుంటే బొమ్మ ముఖం వంకర్లు పోతుంది. డిఫాల్ట్ టెక్స్చర్ ఫిల్టర్‌ను కూడా ‘లీనియర్’ నుంచి ‘నియరెస్ట్’కు మార్చండి. బొమ్మలు మసకబారడానికి కారణం దాదాపు ప్రతిసారీ ఇదే.

ఇక దుంకుడు. ప్లాట్‌ఫారం గేమ్‌కు ప్రాణం అదే, గోడో ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ అక్కడే. కారెక్టర్‌బాడీ2డీకి (ఆడే బొమ్మను కదిలించే నోడ్, అంటే గేమ్‌ను కట్టే ముక్క) స్క్రిప్ట్ తగిలించగానే ఒక నమూనా కోడ్ ఇస్తుంది. అందులో వేగం 300, దుంకుడు వేగం మైనస్ 400 ఉంటాయి, ప్రాజెక్టు గ్రావిటీ 980. ఈ అంకెలతో 320 పిక్సెళ్ల తెరను బొమ్మ సెకనుకు కాస్త ఎక్కువలో దాటేస్తుంది. దాదాపు 82 పిక్సెళ్లు ఎగురుతుంది, అంటే 16 పిక్సెళ్ల టైళ్లు (లెవల్ పరచడానికి వాడే చదరపు ముక్కలు) అయిదు. ఇలా ఉంటే లెవల్ గీయడం కుదరదు.

అంకెలు ఊహించకుండా లెక్క కట్టండి. ఎంత ఎత్తు ఎగరాలి, శిఖరానికి ఎంత సేపట్లో చేరాలి అన్నవి ముందు తేల్చుకోవాలి. ఎత్తుకు రెండు రెట్లు తీసుకుని సమయంతో భాగిస్తే దుంకుడు వేగం వస్తుంది. దాన్ని మళ్లీ సమయంతో భాగిస్తే గ్రావిటీ. మూడు టైళ్ల గోడను తడబడకుండా ఎక్కాలంటే 56 పిక్సెళ్ల ఎత్తు, 0.4 సెకన్లు బాగుంటాయి. అప్పుడు వేగం మైనస్ 280, గ్రావిటీ 700. నడక వేగం 100 పెడితే, గాలిలో ఉండే 0.8 సెకన్లలో 80 పిక్సెళ్లు, అంటే 5 టైళ్లు దాటుతుంది. కాబట్టి గుంతలు 4 టైళ్లకు మించనివ్వకండి. నమూనా కోడ్‌లో దుంకిన ఫ్రేమ్‌లో గ్రావిటీ కలవదు కాబట్టి సెకనుకు 60 ఫ్రేములతో అసలు ఎత్తు 58 దాకా పోతుంది. తలకు తగలాల్సిన కప్పు అంచున ఉంటే ఆ రెండు పిక్సెళ్లు గుర్తుంచుకోవాలి.

దీనికి మూడు చేర్పులు తప్పనిసరి. బటన్ వదిలినప్పుడు బొమ్మ ఇంకా పైకి పోతుంటే వేగాన్ని సగానికి తగ్గించాలి, అప్పుడే చిన్న దుంకుడు, పెద్ద దుంకుడు వేరవుతాయి. అంచు దాటాక కూడా 0.1 సెకను పాటు దుంకనివ్వాలి. నేల తాకడానికి 0.1 సెకను ముందు నొక్కినా ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని, తాకగానే దుంకించాలి. చివరి రెండూ లేకపోతే ఆడేవాళ్లు ‘బటన్ పనిచేయట్లే’ అంటారు. కిందకు పడే వేగాన్ని 300 దగ్గర ఆపేయండి. లేదంటే ఎత్తు నుంచి పడేటప్పుడు కింద ఏముందో చూసే సమయం ఉండదు. బొమ్మ 16 పిక్సెళ్ల వెడల్పున్నా కొలిజన్ పెట్టె (గోడలకు, నేలకు తగిలే భాగం) 10 చాలు.

టైళ్ల విషయంలో మెచ్చుకోవాల్సిందీ ఉంది, విసుగు పుట్టించేదీ ఉంది. టైల్‌సెట్‌లో ప్రతి టైలుకు కొలిజన్ గీసుకోవడం, కింద నుంచి దూరిపోయే పలకకు ‘వన్ వే’ టిక్ పెట్టడం హాయిగా ఉంటాయి. అంచులను తనంతట తానే అతికించే ‘టెర్రైన్’ మాత్రం కొత్తవాళ్లకు వద్దు. మూలలు, పక్కలు రెండూ కలపాలంటే 47 టైళ్లు గీయాలి, ఏ పక్క ఏది కలవాలో చెప్పే గుర్తు (బిట్) ఒక్కటి తప్పుగా పూసినా అడ్డదిడ్డంగా పరుస్తుంది. మొదటి గేమ్‌కు చేత్తో పరచడమే త్వరగా అయిపోతుంది. బొమ్మలు గీయడం రానివాళ్లు, గేమ్ బొమ్మలు తయారుచేసే కెన్నీ ఉచితంగా ఇచ్చే ‘పిక్సెల్ ప్లాట్‌ఫార్మర్’ ప్యాక్ వాడుకోవచ్చు, హక్కుల గొడవ లేదు. కానీ అందులో టైలు 18 పిక్సెళ్లు, గోడో అనుకునేది 16. అంకె మార్చకుండా పరిస్తే గీతలన్నీ జారిపోతాయి. ‘ప్యాక్డ్’ అని ఉన్న ఫైలే తీసుకోండి, రెండోదాంట్లో టైళ్ల మధ్య ఒక పిక్సెల్ ఖాళీ ఉంటుంది.

సొంతంగా గీసేవాళ్లకు మన కోట కంటే మంచి లెవల్ ఎక్కడుంది? కీర్తి తోరణాన్ని 6 టైళ్ల వెడల్పు, 7 టైళ్ల ఎత్తులో గీస్తే 96 బై 112 పిక్సెళ్లవుతుంది, తెరలో నిండుగా నిలబడుతుంది. అడ్డదూలాన్ని వన్ వే పలక చేయండి. దుంకుడు మూడున్నర టైళ్లే కాబట్టి 3 టైళ్ల దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి మెట్టు కావాలి. కోటలో చెల్లాచెదురుగా పడి ఉన్న విరిగిన స్తంభాలే ఆ మెట్లు. వెనక పొరలకు, దూరంగా ఉన్నవాటిని నెమ్మదిగా జరిపే పారలాక్స్2డీ నోడ్ వాడి, ఆకాశానికి 0.1, మట్టికోటకు 0.3, రాతికోటకు 0.6 స్క్రోల్ స్కేల్ ఇవ్వండి. రిపీట్ సైజు బొమ్మ వెడల్పుతో సమానంగా ఉండాలి. బొమ్మ 320 కంటే సన్నగా ఉంటే మధ్యలో ఖాళీలు కనబడతాయి. రంగులు పొదుపుగా వాడితేనే పాత వాసన వస్తుంది. నింటెండో పాత మెషీన్‌లో ఒక స్ప్రైట్‌కు (కదిలే బొమ్మకు) మూడు రంగులు, ఒక పారదర్శకం, అంతే.

తెలుగు అక్షరాల విషయంలో గోడో 4ను మెచ్చుకోవాల్సిందే. గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయి, గోడో 3లో ఆ వసతి లేదు. అయితే నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైలును ప్రాజెక్టులోనే పెట్టండి. మీ కంప్యూటర్‌లో ఫాంట్ ఉంటుంది కాబట్టి తేడా తెలియదు, బ్రౌజర్‌లో ఆడితే డబ్బాలు కనిపిస్తాయి. పైగా 180 పిక్సెళ్ల ఎత్తులో ఒత్తులు కలిసిపోయి చదవరాదు. మార్గం ఏమిటంటే, ప్రాజెక్టును 1280 బై 720లో ఉంచి, గేమ్‌ను సబ్‌వ్యూపోర్ట్ కంటైనర్‌లో (తెర లోపల వేరే చిన్న తెరను చూపే నోడ్‌లో) పెట్టి స్ట్రెచ్ ఆన్ చేసి ష్రింక్ 4 ఇవ్వాలి. మాటలను దాని బయట వేరే క్యాన్వాస్ లేయర్‌లో వేయాలి. మాటలు ఎక్కువున్న గేమ్ అయితే మొదటి రోజే ఇలా కట్టుకోండి.

పాఠాలు వెతికేటప్పుడు వెర్షన్ చూసుకోవాలి. కినిమాటిక్‌బాడీ2డీ అని వినబడితే అది గోడో 3 పాఠం, ఆ కోడ్ ఇక్కడ నడవదు. టైల్‌మ్యాప్ బదులు టైల్‌మ్యాప్‌లేయర్ వచ్చింది 4.3లో, అంటే గోడో 4 పాఠాల్లోనూ పాతవి ఉన్నాయి. నెట్‌లో మంచి పాఠాలు చాలానే ఉన్నా ఈ గందరగోళం కొత్తవాళ్ల సమయాన్ని బాగా తింటుంది.

సంగీతం ఒక్కసారి మోగి ఆగిపోతే కోడ్‌లో వెతక్కండి. ఓజీజీ ఫైలును ఎంచుకుని, ఇంపోర్ట్ ట్యాబ్‌లో ‘లూప్’ టిక్ పెట్టి రీఇంపోర్ట్ చేయాలి.

ఎక్స్‌పోర్ట్‌కు (గేమ్‌ను ఫోన్, బ్రౌజర్ లాంటి వాటిలో ఆడేలా తయారుచేయడానికి) టెంప్లేట్లు వేరుగా దించుకోవాలి. ఇంజన్ కంటే ఎన్నో రెట్లు పెద్ద ఫైలు, మొబైల్ డేటా మీద పెట్టకండి. ఇంజన్ వెర్షన్, టెంప్లేట్ వెర్షన్ అంకె అంకె కలవాలి. ఫోన్‌కు చేయాలంటే ఓపెన్‌జేడీకే 17, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే కూడా కావాలి, దానికి ఒక సాయంత్రం తీసి పెట్టుకోండి. ఫోన్‌లో బటన్లకు టచ్‌స్క్రీన్‌బటన్ నోడ్ ఉంది. కీబోర్డుకు పెట్టిన యాక్షన్ పేరే దానికీ ఇస్తే కోడ్ మార్చే పనే లేదు. విండోస్‌లో ఆడిన గేమ్ ఫోన్‌లో బొమ్మలు దొరకక ఆగిపోతే ఫైలు పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూడండి. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, ఆండ్రాయిడ్ పట్టించుకుంటుంది.