ఇనుయాషా: అనిమే చూడాలా, మాంగా చదవాలా?

సాహసంతో పాటు ప్రేమకథ కూడా బలంగా ఉన్న పెద్ద అనిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) కావాలని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే పేరు ఇనుయాషా. వెంటనే వచ్చే ప్రశ్న, అనిమే చూడాలా, దానికి మూలమైన మాంగా (జపాన్ కామిక్) చదవాలా అని. రెండూ పెద్దవే. రుమికో తకహాషి ఈ కథని షోనెన్ సండే వారపత్రికలో 1996 నుంచి 2008 దాకా గీశారు. మొత్తం 56 సంపుటాలు. సన్‌రైజ్ స్టూడియో అనిమే 2000లో మొదలై, 2004లో 167వ ఎపిసోడ్ దగ్గర ఆగిపోయింది. అప్పటికి మాంగా ఇంకా నడుస్తోంది, విలన్ నరాకు బతికే ఉన్నాడు. మిగతా కథని 2009-10లో ‘ఫైనల్ యాక్ట్’ పేరుతో 26 ఎపిసోడ్లలో ముగించారు.

అంటే సుమారు 36 సంపుటాల కథకి 167 ఎపిసోడ్లు, చివరి 20 సంపుటాలకి 26. ఏది మేలో తేల్చేది నా దృష్టిలో ఈ తేడాయే.

ఎందుకంటే ఇది తొందరపడితే పాడయ్యే ప్రేమకథ. టోక్యోలో తన ఇంటి గుడిబావిలో పడి యుద్ధాల కాలంలోకి వెళ్లిన పదిహేనేళ్ల కగోమె, యాభై ఏళ్లుగా చెట్టుకి బాణంతో బంధించి ఉన్న అర్ధరాక్షసుడు ఇనుయాషాని విడిపిస్తుంది. ఆ బాణం వేసింది అతను ప్రేమించిన కిక్యో. ఆమె చనిపోయి మళ్లీ కగోమెగా పుట్టింది. అక్కడితో ఆగితే సులువే. కానీ ఒక మంత్రగత్తె మట్టితో, ఎముకలతో కిక్యోని తిరిగి లేపుతుంది. ఇక ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదు, ఎవరికీ మనశ్శాంతి లేదు.

ఈ ముగ్గురి బాధ అనిమేలో బాగా పండింది. 48వ ఎపిసోడ్ చూడండి. ఇనుయాషా కిక్యోని వదులుకోలేడని కగోమెకి అర్థమైపోతుంది. తన కాలానికి వెళ్లిపోయి, అదే పాత చెట్టు కింద కూర్చుని మొదటినుంచీ జరిగినవన్నీ తలుచుకుంటుంది. అయినా అతని పక్కనే ఉండాలని నిర్ణయించుకుని తిరిగి వస్తుంది. మాంగాలో కొన్ని పేజీల్లో అయిపోయే ఘట్టమిది. అనిమే దానికి తీరిక ఇచ్చింది, కావోరు వాడా సంగీతం దాన్ని ఇంకా పైకెత్తింది. అలాగే 147, 148 ఎపిసోడ్లలో కిక్యో, ఇనుయాషాల పాత పరిచయాన్ని మాంగాలో ఉన్నదానికంటే చాలా విస్తరించి చూపించారు. కిక్యో అంటే పడనివాళ్లు ఆ రెండూ చూశాక మళ్లీ మాట్లాడాలి. గొంతుల సంగతీ చెప్పాలి. ఇనుయాషాకి కప్పెయ్ యమగుచి, కిక్యోకి నోరికో హిదాకా. తకహాషి పాత సిరీస్ రన్మాలో జంటగా వినిపించింది వీళ్లిద్దరే.

జపనీస్ ఆడియోలోనే చూడండి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో ఫైనల్ యాక్ట్‌కి వచ్చేసరికి కగోమె గొంతు మారిపోతుంది. అంతకాలం విన్న గొంతు ఒక్కసారిగా పోతే మనసు కుదురుకోదు.

తొలి సిరీస్‌కి లోపం లేదని కాదు. ఇంకా నడుస్తున్న మాంగాని అందుకోకుండా ఉండేందుకు మధ్యలో సొంత కథలు చేర్చారు. వందో ఎపిసోడ్ దాటాక అవి బాగా తెలుస్తాయి. విసుగొస్తే దాటేయండి, నష్టం లేదు.

ఇక ఫైనల్ యాక్ట్. బొమ్మలు అందంగా ఉన్నాయి, అనవసరమైన ఎపిసోడ్ ఒక్కటీ లేదు. నా బాధ వేరు. నరాకు చేతిలో కీలుబొమ్మగా బతికి, గాలిలా స్వేచ్ఛగా ఉండాలని మాత్రమే కోరుకున్న కాగురా కథ (ముగింపు తెలియకూడదనుకునేవాళ్లు ఈ పేరా వదిలేయండి) రెండో ఎపిసోడ్‌లోనే తీరిపోతుంది. ఆ పూలతోటలో ఇనుయాషా సవతి అన్న సెష్షోమారు వచ్చి నిలబడటం, ఆమె చివరి చూపు, రంగుల్లో చక్కగానే ఉంటాయి. కానీ అంతటి చావు మనసులో ఇంకే లోపే కథ పరుగు తీస్తుంది. మాంగాలో అయితే నరాకు గుప్పిట్లో ఉన్న తన గుండె కోసం కాగురా పడే తపన వారం వారం పెరుగుతూ వస్తుంది. తర్వాత ఆ పేజీల్లో తకహాషి మాటలు తగ్గించి, ఖాళీ వదిలి, ఒక్కో గడి దగ్గర మనల్ని ఆపేస్తారు. ఎంతసేపు ఆగాలో మన ఇష్టం. సెష్షోమారు మారిన తీరుకీ ఇదే వర్తిస్తుంది. మనుషులంటే పట్టని వాడు రిన్ అనే చిన్నపిల్ల కోసం ఎంత దూరం వెళ్తాడో నెమ్మదిగా చదివితేనే నమ్మకం కలుగుతుంది.

కాబట్టి నేనైతే 167 ఎపిసోడ్లు చూసి, 36వ సంపుటం నుంచి మాంగా అందుకోమంటాను. ఒక్కటే ఎంచుకోవాలంటే మాంగా. రాసిన మనిషి లయ మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉండేది అందులోనే. విజ్ సంస్థ తొలి ఇంగ్లిష్ ముద్రణల్లో ఎడమ నుంచి కుడికి చదివేలా బొమ్మల్ని అద్దంలోలా తిప్పేశారు, కత్తి పట్టిన చెయ్యి కూడా మారిపోతుంది. మూడు సంపుటాలు కలిపి, బొమ్మలు తిప్పకుండా వేసిన విజ్‌బిగ్ పుస్తకాలు దొరికితే అవే తీసుకోండి.

తర్వాతి తరం కథ యాషాహిమె 2020లో వచ్చింది. ఇనుయాషా, సెష్షోమారుల కూతుళ్ల సాహసం సరదాగానే ఉంటుంది కానీ ఈ ప్రేమకథ బరువు దానికి లేదు. ఇది పూర్తయ్యాకే దాని జోలికి వెళ్లండి.