ఆగితే ఆగిపోయే మా కారు, ఆటోనగర్‌లో బోర్డు లేని ట్యూనింగ్ దుకాణం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనుక సందులో ఒకే ఒక్క కారు పట్టే షెడ్డు అది. బోర్డు లేదు. షట్టరు మీద తెల్ల రంగుతో 'పెట్రోల్ ట్యూనింగ్' అని రెండే మాటలు రాసి ఉంటాయి. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి, పక్కన పని నేర్చుకుంటున్న కుర్రవాడు ఒకడు. నేను మంగళగిరిలో హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఇన్నేళ్లలో ఒక కారణాన్ని ఇంత పద్ధతిగా వెతికి పట్టుకున్న మనిషిని మరెక్కడా చూడలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది 2014 నాటి చిన్న పెట్రోలు కారు. మూడు సిలిండర్ల ఇంజను, 35 లీటర్ల ట్యాంకు. ప్రతి శనివారం అమ్మను మోకాళ్ల ఫిజియోథెరపీకి విజయవాడ తీసుకువెళతాను. గత ఫిబ్రవరి నుంచి కారుకు ఒక వింత జబ్బు పట్టుకుంది. హైవే మీద హాయిగా పరుగెడుతుంది, తొంభైలో కూడా ఇంజను తొణకదు. ఎక్కడైనా ఆగామా, ఇంజను ఊగడం మొదలవుతుంది. సీటు కింద నుంచి వణుకు వస్తుంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ముల్లు ఐదు వందలకు పడిపోతుంది, తొమ్మిది వందలకు లేస్తుంది, మళ్లీ పడిపోతుంది, చివరికి ఇంజను ఆగిపోతుంది. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఒకే శనివారం మూడుసార్లు ఆగింది. వెనుక బస్సు హారన్, పక్కన అమ్మ రామనామం. తాళం తిప్పితే వెంటనే అందుకోదు, యాక్సిలరేటర్ సగం తొక్కి పట్టుకుంటేనే రాజుకుంటుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే శక్తి కూడా పోతుంది. ఆ సాయం చేసే బూస్టరులో మిగిలిన సక్షన్‌తో, అంటే గాలి లాగుడుతో, ఒకటి రెండుసార్లు పెడల్ మామూలుగా పనిచేస్తుంది, ఆ తర్వాత రాయిలా బిగుసుకుపోతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. వారధి దిగుతూ వేగం తగ్గించినప్పుడు ఒకసారి ఇలాగే అయింది. ఆ రోజు రెండు కాళ్లతో బ్రేకు తొక్కాను. ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఆగింది, ఎండ ఎలా ఉంది, ఏసీ వేశానా, ఎంత దూరం నడిచింది, పెట్రోలు ఎప్పుడు పోయించాను, అన్నీ రాశాను. ఆరు వారాల తర్వాత చూస్తే శని, ఆదివారాల్లో జబ్బు తీవ్రంగా ఉంది, బుధవారానికల్లా సగం తగ్గిపోయింది. ఎందుకో నాకు అందలేదు.

మొదట వెళ్లింది అద్దాల గదులు, కాఫీ మిషను ఉన్న ఒక పెద్ద వర్క్‌షాపుకు. నోటుబుక్కు చూపించబోతే కౌంటరులో ఉన్న అబ్బాయి మర్యాదగానే వద్దన్నాడు. స్కానరు పెట్టారు, లోపాన్ని చెప్పే కోడ్ ఏదీ రాలేదన్నారు. మీటరులో ఇంజను లైటు కూడా వెలగడం లేదు కదా అన్నారు. ఇంజనుకు గాలి వదిలే త్రాటిల్ బాడీ శుభ్రం చేశారు: 1,400 రూపాయలు. మూడు స్పార్క్ ప్లగ్గులు మార్చారు: 690. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ఈసారి పెట్రోలు పంపు బలహీనంగా ఉందన్నారు. పంపు 7,200, కూలి మొత్తంగా 1,500. అంతా కలిపి 10,790 రూపాయలు అయ్యాయి. ఆ శనివారమే బెంజి సర్కిల్‌లో కారు మళ్లీ ఆగింది.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తర్కం. పంపు బలహీనపడితే ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావలసిన చోట, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, వేగంలో, ముందు లాగుడు తగ్గాలి. మా కారు వేగంలో ఎక్కడా తడబడలేదు, ఊరికే నిలబడినప్పుడు మాత్రమే చచ్చిపోతోంది. ఇంత మాత్రం ఆలోచించకుండా ఏడు వేల రూపాయల వస్తువు మార్చారు.

తెలిసినవాళ్లలో సగం మంది ఇథనాల్ వల్లే అన్నారు. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి ఏ జబ్బు వచ్చినా నింద దాని మీదికే పోతోంది. మా స్కూలు బస్సు డ్రైవరు బాబాయి మాత్రం, "అమ్మా, ఐడ్లింగ్, అదే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నడక, నిలవకపోతే చూడాల్సింది ట్యూనింగ్ చేసేవాళ్లు. కార్బురేటర్ల కాలం నుంచి ఉన్న మనిషి ఒకరున్నారు" అని ఈ షెడ్డు దారి చెప్పారు.

మేస్త్రి గారు ఫోనులోనే షరతు పెట్టారు. బండి ముందు రోజు సాయంత్రం వదిలి వెళ్లాలి, ఉదయం చల్లని ఇంజనునే ఆయన చూస్తారు. ఆ ముందు రోజు శుక్రవారం. దారిలో ఎప్పటిలాగే ట్యాంకు నిండా పోయించి, కారు అప్పగించి బస్సులో ఇంటికి వచ్చాను.

ఉదయం ఎనిమిదింటికి వెళ్లేసరికి ఆయన బానెట్టు కూడా ఎత్తలేదు. ముందు నోటుబుక్కు తీసుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివారు, వెనక్కి తిప్పి రెండోసారి చదివారు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "విప్పిన పాత ప్లగ్గులు ఉన్నాయా అమ్మా?" ఉన్నాయి. వర్క్‌షాపువాళ్లు కొత్త ప్లగ్గుల డబ్బాలో పెట్టి డిక్కీలో వేశారు. మూడింటినీ అరచేతిలో పోసుకుని చూపించారు. కొనలు మూడూ కాటుక పట్టినట్టు నల్లగా, పొడిగా ఉన్నాయి. "గాలి ఎక్కువైతే తెల్లబడతాయి. ఇవి నల్లబడ్డాయి. పెట్రోలు ఎక్కువ తాగుతోంది, పంపు తక్కువ ఇస్తోందని ఎలా అన్నారు వాళ్లు?" అన్నారు. ఆధారం నా డిక్కీలోనే రెండు నెలలు తిరిగింది.

తర్వాత ఇంజను స్టార్టు చేశారు. మొదటిసారి అందుకోలేదు. అందుకున్నాక ముల్లు ఊగడం మొదలైంది. చేతిలో ఇమిడే స్కానరు తగిలించారు. కోడ్ ఉందా లేదా అని ఆయన చూడలేదు, ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూశారు. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్ కలిస్తే గాలి ఇంకొంచెం తక్కువ సరిపోతుంది. ఆ పాళ్లు తప్పితే సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు పసిగడుతుంది, కారులోని కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఎంత సవరించిందో చెప్పే అంకె అది. సున్నాకు అటూ ఇటూ ఐదారు ఉంటే ఆరోగ్యం. ఇంజను కాస్త వేడెక్కి సెన్సరు పని మొదలుపెట్టగానే మాది మైనస్ 23 చూపింది. అంటే కంప్యూటరు తాను పోసే పెట్రోలును దాదాపు నాలుగో వంతు కోసేస్తోంది, అయినా ఎక్కువే అవుతోంది. కుర్రవాడు యాక్సిలరేటర్ తొక్కి 2,500 దగ్గర పట్టాడు. అంకె మైనస్ 4 కు వచ్చేసింది. మళ్లీ వదిలితే మైనస్ 23.

"పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతున్నా ఇలాగే చూపించవచ్చు. కానీ మీ పుస్తకంలో పెట్రోలు పోయించిన మర్నాడే జబ్బు ముదురుతోంది. కాబట్టి ముందు దీన్ని చూద్దాం" అని బానెట్టు కింద చిటికెన వేలంత నల్లటి వాల్వు ఒకటి చూపించారు. రెండు వైపులా సన్నని రబ్బరు గొట్టాలు. ఒకటి ఇంజను గాలి పీల్చే మానిఫోల్డుకు పోతుంది, రెండోది ట్యాంకు దగ్గరున్న కెనిస్టరుకు. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరి గాలిలో కలవకుండా ఆ కెనిస్టరులోని బొగ్గు పీల్చి దాచుకుంటుంది. బండి వేడెక్కి నడుస్తున్నప్పుడు కంప్యూటరు ఈ వాల్వును కొద్ది కొద్దిగా తెరిచి, ఆ ఆవిరిని ఇంజనుకే తాగిస్తుంది. చల్లని ఇంజనులో అది మూసుకుని ఉండాలి, ఐడ్లింగ్‌లో కూడా దాదాపు మూసుకునే ఉండాలి.

ఆయన ముందు దాని కరెంటు తీగ పీకేశారు. కరెంటు లేకపోతే ఆ వాల్వు మూసుకుపోవాలి. తర్వాత కెనిస్టరు వైపు గొట్టం ఊడదీసి, "ఇక్కడ వేలు పెట్టండి అమ్మా" అన్నారు.

పెట్టాను. వాల్వు నా వేలిని లాగి పట్టుకుంది. అదే క్షణంలో ఇంజను వణుకు తగ్గింది. ముల్లు ఎనిమిది వందల దగ్గరికి వచ్చి నిలబడింది. వేలు తీస్తే మళ్లీ ఊగింది, పెడితే నిలబడింది. నాలుగుసార్లు తీసి పెట్టాను. నాలుగు నెలలు నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టిన జబ్బు నా చూపుడువేలి కింద ఉంది.

హైవే మీద జబ్బు ఎందుకు కనిపించలేదో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఐడ్లింగ్‌లో త్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, మానిఫోల్డులో సక్షన్ బలంగా ఉంటుంది, ఇంజను తీసుకునే గాలి కొంచెమే. ఆ కొంచెం గాలిలో దొంగతనంగా వచ్చే ఆవిరిది పెద్ద వాటా. వేగంలో గాలి ఎన్నో రెట్లు వస్తుంది, సక్షన్ తగ్గుతుంది, అదే ఆవిరి లెక్కలోకి రాదు. బక్కెట్లో చెంచా ఉప్పు తెలియదు, గ్లాసులో తెలుస్తుంది. ఇప్పుడు పీడనం పాఠానికి నేను చెప్పే ఉదాహరణ ఈ వాల్వే.

వాల్వు విప్పి తెల్ల కాగితం మీద తట్టారు. నల్లటి బొగ్గు రవ్వలు రాలాయి. మూత సరిగా పడకుండా అడ్డుపడింది అవే. కెనిస్టరు విప్పితే బరువుగా ఉంది, పెట్రోలు వాసన గుప్పుమంది. ఆయన మెల్లగా అడిగారు: "పెట్రోలు ఎలా కొట్టిస్తారు?"

నిండా. గన్ను దానంతట అది ఆగాక కూడా, చిల్లర గొడవ లేకుండా అంకె సరిచేయమని చెప్పేదాన్ని. శనివారం ప్రయాణం కోసం ప్రతి శుక్రవారం ఇదే పని. గన్ను ఆగిందంటే ట్యాంకులో ఆవిరికి మిగలాల్సిన జాగా మాత్రమే ఉందని అర్థం. ఇంకా పోస్తే ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి పెట్రోలే వెళ్లి కెనిస్టరును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు చిట్లి, రవ్వలై వాల్వు దాకా కొట్టుకువస్తుంది. నోటుబుక్కులో శనివారాల్లో జబ్బు ఎందుకు ముదిరేదో, బుధవారానికి ఎందుకు తేరుకునేదో ఈ ఒక్క మాటతో తేలిపోయింది. ఏళ్ల తరబడి నేను చేసిన తప్పు ఇది. బంకుల్లో రోజూ ఎంతమంది ఇదే చేస్తుంటారో చూస్తున్నాను, అందుకే దాచకుండా చెబుతున్నాను.

కెనిస్టరును ఎండబెట్టి మళ్లీ బిగించమని అడిగాను. "అలా చేసేవాళ్లున్నారు, నేను చేయను. చిట్లిన బొగ్గు మళ్లీ వస్తుంది, కొత్త వాల్వు కూడా పోతుంది" అన్నారు. వాల్వు 1,650, కెనిస్టరు 3,900, కూలి 900. మొత్తం 6,450 రూపాయలు. కూలి ఇంత తక్కువేమిటని నేనే అడిగాను. విప్పింది రెండు వస్తువులే కదా అన్నారు. నా దృష్టిలో ఆయనకు ఇవ్వాల్సింది విప్పినందుకు కాదు, మిగతావి విప్పనందుకు. కుర్రవాడి చేతిలో మరో ఐదు వందలు పెట్టి వచ్చాను.

బిగించాక కూడా వెంటనే తాళం ఇవ్వలేదు. కంప్యూటరు అప్పటిదాకా నేర్చుకున్న తప్పుడు సవరణలన్నీ స్కానరుతో చెరిపేసి, పది నిమిషాలు ఊరికే నడవనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేసి, లైట్లు వేసి, స్టీరింగ్ తిప్పి ప్రతిసారీ ముల్లు చూశారు. ఏసీ వేసిన క్షణం కొద్దిగా దిగి, వెంటనే లేచి నిలబడింది. అలా లేవకపోతే అది త్రాటిల్ దగ్గర మసి జబ్బు అని, దానికీ పెట్రోలు పోయించిన రోజుకూ సంబంధం ఉండదని చెప్పారు. ప్లగ్గులకు స్పార్కు ఇచ్చే కాయిల్ బలహీనపడితే ఎత్తు ఎక్కేటప్పుడు కూడా మిస్సింగ్ ఇస్తుందట, అంటే ఇంజను మధ్య మధ్యలో తడబడుతుందట. ఒకే లక్షణం కనిపించినా జబ్బులను ఇలా ఒకదాని నుంచి ఒకటి విడదీసి చెప్పడం ఆయనకు చాలా ఇష్టమని ముఖం చూస్తేనే తెలుస్తుంది.

నాలుగు నెలలు, మూడు వేల రెండు వందల కిలోమీటర్లు అయింది. కారు ఒక్కసారి కూడా ఆగలేదు. గన్ను ఆగగానే చాలంటాను, చిల్లర అంకె ఎంతైనా ఫోనుతో కట్టేస్తాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కూర్చోవడానికి ఒకే స్టూలు ఉంది, అమ్మను తీసుకువెళ్లలేదు. రోజుకు రెండు బళ్లకు మించి పట్టరు కాబట్టి నాకు వంతు రావడానికి ఐదు రోజులు పట్టింది. కెనిస్టరు తెప్పించడానికి మరో మూడు రోజులు పట్టింది, అన్నాళ్లూ కారు అక్కడే ఉంది. కంప్యూటరు బిల్లు ఉండదు, చేత్తో రాసి ఇస్తారు. డీజిలు బళ్లు ముట్టుకోరు. తొందర పెడితే బండి వెనక్కి తీసుకెళ్లమంటారు, నా ముందే ఒకరికి అలా చెప్పారు. వెళ్లేవాళ్లు జబ్బు ఎప్పుడు ఎక్కువైందో, ఎప్పుడు తగ్గిందో రెండు వారాలైనా కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత ప్లగ్గులు ఉంటే పారేయకండి, ఆయన మొదట అడిగేది వాటినే.