విల్మింగ్టనా, అట్లాంటానా: సినిమా పని నేర్చుకునే కుర్రాడికి ఏది మేలు?

మా అక్కకొడుకు అమెరికాలో, ఉత్తర కరోలినాలోని కేరీలో పన్నెండో తరగతి చదువుతున్నాడు. వాడికి డైరెక్టర్ కావాలని లేదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరి సెట్లు కట్టాలని పట్టు. స్కూలు నాటకానికి థర్మాకోల్ మీద ఇటుకలు చెక్కి, నాచు పట్టినట్టు రంగు వేశాడు. చేత్తో తడిమితే గానీ నేను నమ్మలేదు. "అట్లాంటా పంపాలా, విల్మింగ్టన్ చాలా?" అని అక్కా బావా అడిగారు. అప్పటి నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను.

విల్మింగ్టన్ అంటే మనవాళ్లకు బీచే గుర్తొస్తుంది. మా రాష్ట్రంలోనే కేప్ ఫియర్ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. జనాభా లక్ష దాటి కొంచెం. 1983లో 'ఫైర్‌స్టార్టర్' సినిమా షూటింగ్ ఇక్కడ జరిగింది. ఆ నిర్మాత డీనో డి లారెంటిస్‌కు ఊరు నచ్చి స్టూడియోనే కట్టించాడు. కొన్నేళ్లకే ఆయన కంపెనీ దివాలా తీసింది. అయినా స్టేజీలు నిలిచాయి, వాటిలో పని నేర్చుకున్న వడ్రంగులూ ఎలక్ట్రీషియన్లూ ఊళ్లోనే ఇళ్లు కొనుక్కుని ఉండిపోయారు. 1998లో 'డాసన్స్ క్రీక్' టీవీ సిరీస్ మొదలైంది. కథ మసాచుసెట్స్‌లో జరుగుతుంది, తీసింది మాత్రం ఇక్కడ. 2003లో అది ముగిసిన ఏడాదే 'వన్ ట్రీ హిల్' వచ్చి 2012 దాకా నడిచింది. చిన్న ఊరికి ఒకదాని వెంట ఒకటిగా పద్నాలుగేళ్ల పని!

మన విశాఖను తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. సముద్రం ఉంది, కొండ మీద రామానాయుడు స్టూడియో ఉంది, భీమిలి రోడ్డును ఎన్ని పాటల్లో చూశామో లెక్కలేదు. కానీ చాలావరకు యూనిట్ హైదరాబాద్ నుంచి దిగుతుంది, ప్యాకప్ చెప్పగానే బస్సెక్కుతుంది. విల్మింగ్టన్‌లో పనివాళ్లు ఊరివాళ్లే. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఇక జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా. 2008 నాటి చట్టంతో జార్జియా నిర్మాతలకు ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ ఇచ్చింది, సినిమాలో రాష్ట్రం లోగో వేస్తే ఇంకో 10. ఏడాదికి ఇంతే అన్న పరిమితి లేదు. ఒకప్పటి సైనిక స్థావరంలో 330 ఎకరాల్లో టైలర్ పెర్రీ స్టూడియో, ఊరి దక్షిణాన ట్రిలిత్ స్టూడియో. 2022 ఆర్థిక సంవత్సరంలో అక్కడ నిర్మాతలు పెట్టిన ఖర్చు 440 కోట్ల డాలర్లు. ఆ తర్వాత జోరు తగ్గింది. అయినా పని ఎంత ఉంటుందన్న ఒక్క లెక్కే చూస్తే విల్మింగ్టన్ దరిదాపుల్లోకి రాదు.

పైగా విల్మింగ్టన్ దెబ్బలు తిన్న ఊరు. ఉత్తర కరోలినా ఇచ్చే 25 శాతం పన్ను రాయితీని 2014 చివర్లో ఆపేసి, దాని బదులు ఏటా ఇంతే అన్న పరిమితితో గ్రాంటు పెట్టారు. 'స్లీపీ హాలో' రెండు సీజన్లు ఇక్కడ తీసి మూడోది జార్జియాకు తీసుకుపోయారు. ట్రాన్స్‌జెండర్లు ఏ బాత్రూం వాడాలో చెప్పిన 2016 నాటి వివాదాస్పద రాష్ట్ర చట్టం హెచ్‌బీ 2 నీడ ఇంకా వదలకపోవడంతో 'అవుటర్ బ్యాంక్స్' కూడా చేజారింది. మా రాష్ట్రపు దీవుల కథను పక్కనున్న దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో తీశారు. నాకది ఇప్పటికీ బాధే. రాజధాని రాలీలో, అసెంబ్లీలో చెయ్యెత్తితే విల్మింగ్టన్‌లో రంపం ఆగిపోతుంది. ఇది వాడికి దాచకుండా చెప్పాను.

పోయిన వేసవిలో వాణ్ణి ఆ ఊరు తీసుకెళ్లాను. ఆరో వీధి వంతెన మీద 'వన్ ట్రీ హిల్' అభిమానులు ఫొటోలు దిగుతున్నారు. మావాడు అటు చూడనే లేదు. డౌన్‌టౌన్‌లో ఒక దుకాణం అద్దం మీద పాతకాలపు అక్షరాలు రాస్తున్న ఒకావిడ దగ్గర ఆగిపోయాడు. బంగారు రంగు ఆరాక ఆవిడ గరుకు కాగితంతో అంచులు రుద్దుతోంది. అన్ని అక్షరాలనూ కాదు, తలుపు పిడి పక్కనున్న రెండింటినే. "మనుషుల చేతులు తగిలేచోటే అరుగుతుంది. అంతా సమానంగా రుద్దితే సెట్టని తెలిసిపోతుంది" అంటూ కాగితం వాడి చేతికిచ్చింది. కారెక్కాక "మావయ్యా, ఇక్కడే" అన్నాడు.

నాదీ అదే మాట. అట్లాంటా పెద్ద షోలో కొత్తవాడు వందల మందిలో ఒకడు. ఇక్కడ యూనిట్ చిన్నది కాబట్టి వడ్రంగం, రంగులు, కొనుగోళ్లు అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. కేప్ ఫియర్ కమ్యూనిటీ కాలేజీలో ఫిల్మ్, వీడియో ప్రొడక్షన్ కోర్సుంది, రాష్ట్రంలోనే ఉంటున్నాం కాబట్టి ఫీజు తేలిక. యూనివర్సిటీ డిగ్రీయే కావాలంటే యూఎన్‌సీ విల్మింగ్టన్‌లో ఫిల్మ్ స్టడీస్ ఉంది. (ఒక మాట: ఈ పనిలో షో మారినప్పుడల్లా యజమానీ మారతాడు. మావాడు అమెరికాలోనే పుట్టాడు కాబట్టి సరిపోయింది. వీసా మీదున్న పిల్లలకు ఇది ఎక్కడైనా కష్టమే.)

మరి పని ఆగిపోతేనో, అంది అక్క. ఇక్కడి టెక్నీషియన్ల యూనియన్, ఐయాట్సీ లోకల్ 491, రెండు కరోలినాలతో పాటు జార్జియాలోని సవానాకూ వర్తిస్తుంది. ఆ కార్డు చేతికొస్తే విల్మింగ్టన్‌లో షో లేని నెలల్లో వాడు చార్లెస్టన్‌కో సవానాకో వెళ్లి పని చూసుకోవచ్చు, తిరిగి ఇంటికి రావచ్చు. అట్లాంటా సంగతి అప్పుడు చూసుకోవచ్చని చెప్పాను.