అమీర్‌పేటలో యాక్చూరియల్ శిక్షణ: ఒక విద్యార్థిని సమీక్ష

బీమా వంటి రంగాల్లో నష్టభయాన్ని గణితంతో లెక్కగట్టే నిపుణులను యాక్చువరీలు అంటారు. ఆ వృత్తి కోసం ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా నిర్వహించే సీఎం1 (యాక్చూరియల్ గణితం), సీఎస్1 (యాక్చూరియల్ గణాంకశాస్త్రం) పరీక్షలు రాయడానికి హైదరాబాద్ అమీర్‌పేటలోని ఒక చిన్న శిక్షణ కేంద్రంలో చేరాను. డిగ్రీలో చదివిన గణితం బీమా రంగంలో ఎలా పనికొస్తుందో నాకు అక్కడే స్పష్టమైంది.

సీఎం1 బోధన ఈ కేంద్రానికి ప్రాణం. మాస్టారు ముందుగా సూత్రం చెప్పరు. బోర్డు మీద మరణాల పట్టిక గీసి, 30 ఏళ్ల వయసున్న లక్ష మందిలో ఏటా ఎందరు మిగులుతారో వరుసగా రాయించి, ఏటా చెల్లించవలసిన క్లెయిములను వడ్డీ రేటుతో నేటి విలువకు తెచ్చి, చివరికి ప్రీమియం ఎంత ఉండాలో మా చేతనే లెక్క కట్టిస్తారు. ఈ పరీక్షలో రెండో పేపరు కంప్యూటర్ మీద రాయవలసి ఉంటుంది కనుక అదే లెక్కను మళ్లీ ఎక్సెల్‌లో చేయిస్తారు.

సీఎస్1కు అవసరమైన ఆర్ (గణాంకాల విశ్లేషణకు వాడే కంప్యూటర్ భాష) ప్రోగ్రామింగ్ శిక్షణ మాత్రం నిరాశపరిచింది. కంప్యూటర్లు చాలక ఇద్దరేసి కూర్చోవలసి వచ్చింది. తీసుకుంటున్న ఫీజుకు అది న్యాయం కాదు.

ఉద్యోగాల గురించి నిజం చెప్పడం నాకు ఎంతో నచ్చింది. కొన్ని పేపర్లు పూర్తయ్యాక అనలిస్టుగా చేరి, ప్రీమియం నిర్ణయం, రిజర్వుల (రాబోయే క్లెయిముల కోసం పక్కన పెట్టే నిధుల) లెక్కింపు వంటి పనులు చేస్తూనే మిగతా పరీక్షలు రాయాలని, ఫెలో (పూర్తి అర్హత గల యాక్చువరీ) కావడానికి ఏళ్లు పడుతుందని ముందే చెప్పారు. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నగరంలోనే ఉన్నా, ఇంటర్ తర్వాత ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఈ రంగంలోకి రావచ్చని ఎంపీసీ పిల్లలకు చెప్పేవారు తక్కువ కావడం బాధాకరం. చేరదలచినవారు సీఎం1కు నిస్సంకోచంగా చేరవచ్చు. సీఎస్1కైతే సొంత ల్యాప్‌టాప్ తప్పనిసరి.