పైరనోమీటరా, ఉపగ్రహం లెక్కా?

మేడ మీద సోలార్ పెట్టించే ముందు ఎండను పరికరంతో కొలిపించాలా, ఉపగ్రహం అంచనా చాలా?

ఎండను కొలిచే పరికరం పైరనోమీటర్. అందులో గాజు గోళం కింద నల్ల పూత పూసిన బిళ్ళ ఉంటుంది. ఎండకు అది వేడెక్కితే, ఆ వేడి తేడాను థర్మోపైల్ అనే భాగం చిన్న వోల్టేజీగా మారుస్తుంది. నేరుగా పడే ఎండ, ఆకాశమంతా చెదిరి వచ్చే వెలుగు రెండూ కలిపి చదరపు మీటరుకు ఎన్ని వాట్లో తెలుస్తుంది. మబ్బు తునక దాటినా పట్టేస్తుంది. కానీ దానికి సేవ చేయాలి. గుంటూరు ఎండాకాలపు దుమ్ము గోళం మీద పేరుకుందంటే అంకె తగ్గిపోతుంది. తుడిచే మనిషి లేకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా తప్పే చెబుతుంది. పైగా ఒక ఏడాది కొలత ఆ ఏడాది మబ్బుల సంగతే.

ఉపగ్రహం నేల మీది ఎండను కొలవదు. మబ్బులు వెనక్కి పంపిన వెలుగును చూసి, కిందికి ఎంత చేరిందో లెక్క కడుతుంది. ఏళ్ల తరబడి చరిత్ర ఉండడం దాని బలం. నాసా పవర్, పీవీజీఐఎస్ అనే వెబ్‌సైట్లు ఈ లెక్కలను ఉచితంగానే ఇస్తాయి. అయితే ఉపగ్రహం లెక్కలో ఒక్కో గడి కిలోమీటర్ల వెడల్పు. బెజవాడ వన్‌టౌన్‌లో మీ డాబా మీద పడే కొండ నీడ దానికి తెలియదు.

మెగావాట్ల ప్లాంటుకైతే కనీసం ఏడాది నేల మీద కొలిచి, ఆ కొలతతో పాత ఉపగ్రహ లెక్కలను సరిదిద్దుకోవాల్సిందే. ఇంటికి మాత్రం ఉపగ్రహం అంకె చాలు, పరికరం డబ్బు ప్యానెళ్లకు పెట్టండి. నీడ మాత్రం డిసెంబరులో మీరే మేడెక్కి చూడండి. అప్పుడు ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.