ఒమేగా గద్దె కోసం: మాస్ ఎఫెక్ట్ నాలుగుసార్లు ఆడాక

మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమ్ మూడు భాగాలూ కలిపి 2021 మేలో లెజెండరీ ఎడిషన్‌గా వచ్చాయి. కొన్నాళ్లకు డిస్కౌంట్‌లో కొన్నాను. ఇప్పటికి మూడు భాగాలూ మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు ఆడాను. రీపర్లనే భారీ యంత్రాలతో యుద్ధం బాగుంటుంది, కాదనను. కానీ నన్ను మళ్లీ మళ్లీ వెనక్కి రప్పించింది ఒమేగా.

ఒమేగా అంటే గ్రహశకలాన్ని తొలిచి కట్టిన స్టేషన్. పోలీసులు లేరు, కోర్టు లేదు. ఆఫ్టర్‌లైఫ్ క్లబ్బులో పైన సోఫాలో కూర్చునే ఆరియా టిలోక్ మాటే అక్కడ చెల్లుతుంది. ఆమెతో పెట్టుకోకూడదన్నది ఒక్కటే రూలు. ఆమెకు గొంతు ఇచ్చింది క్యారీ-ఆన్ మాస్. పెద్దగా అరవదు, అయినా భయం వేస్తుంది.

రెండో భాగంలో మొదటి భాగం నాటి మన స్నేహితుడు గ్యారస్‌ను టీమ్‌లో చేర్చుకునే మిషన్ ఉంది. అక్కడ అతని పేరు ఆర్చేంజెల్. బ్లూ సన్స్, ఎక్లిప్స్, బ్లడ్ ప్యాక్ అనే మూడు ముఠాలకు ఒకరంటే ఒకరికి పడదు. అతనొక్కణ్ణి చంపడానికి చేతులు కలుపుతాయి. వాళ్ల గదుల్లో ఒక డేటాప్యాడ్ దొరుకుతుంది. ఆర్చేంజెల్ పని అయిపోయాక ఇదే పొత్తుతో ఆరియా మీదికి వెళ్లాలన్న ప్లాన్ అందులో ఉంటుంది. మొదటిసారి నేను దాన్ని చూడనే లేదు. రెండోసారి చదివాక మిషన్ మొత్తం వేరేగా కనిపించింది. ముఠా నాయకులు టారక్, జారోత్, గార్మ్ ముగ్గురినీ చంపి స్నేహితుణ్ణి కాపాడుకున్నానని అనుకున్నాను. నిజానికి ఆరియా గద్దెను కూడా నేనే కాపాడాను. ఆ పని ఆమె నాకు చెప్పలేదు. ఆర్చేంజెల్ కోసం ఎవరిని కలవాలో చెప్పింది, అంతే.

కొత్తగా ఆడేవాళ్లు ఆ గదులన్నీ తీరిగ్గా తిరగండి. గన్‌షిప్ (తుపాకులున్న విమానం) రిపేర్ చేస్తున్న కాథ్కా అనేవాణ్ణి అక్కడే అడ్డు తప్పిస్తే చివర్లో అది బలహీనంగా వస్తుంది.

ఇంతకంటే నాకు ఇష్టమైనది పేట్రియార్క్ కథ. చిన్న సైడ్ మిషన్, పది నిమిషాలు కూడా పట్టదు. ఆరియాకు ముందు ఒమేగాను ఏలిన ముసలి క్రోగన్ (ఒక గ్రహాంతర జాతి) అతను. ఆమె ఓడించింది కానీ చంపలేదు. తను ఎవరిని పడగొట్టిందో అందరికీ గుర్తుండాలని క్లబ్బు కింది అంతస్తులో ఉంచింది. ఆరియా పరువు తీయాలని ఇద్దరు అతన్ని చంపడానికి వస్తారు. దాక్కోమని మనం కబురు తీసుకెళ్తే అతను ఒప్పుకోడు. పోరాడి చావమని అతన్ని ఎగదోయవచ్చు, లేదా అతని తరఫున మనమే వాళ్లతో తలపడవచ్చు. నేను నాలుగుసార్లూ అతని వైపే నిలబడ్డాను. ఓడినవాడి ముఖంలో మళ్లీ ఆ వెలుగు చూడటం కోసమే.

మూడో భాగంలో సెర్బెరస్ అనే సాయుధ సంస్థ ఒమేగాను ఆక్రమించుకుంటుంది. సిటడెల్ అనే పెద్ద అంతరిక్ష స్టేషన్‌లో తలదాచుకున్న ఆరియా, ఆ మూడు ముఠాలనే తన కిందికి తెమ్మని మనల్ని పంపుతుంది. ఎక్లిప్స్ నాయకురాలు సెడెరిస్‌ను జైలు నుంచి విడిపించాలా, ఆమెను లోపలే ఉంచి అనుచరుడు సేన్‌ను పైకి తేవాలా అన్నది మన చేతిలో ఉంటుంది. ఆ ఒక్క సంభాషణలో ఉన్న టెన్షన్ చాలా పెద్ద పోరాటాల్లో కూడా లేదు.

2012 నవంబర్‌లో విడిగా వచ్చిన ఒమేగా డీఎల్‌సీ (గేమ్‌కు అదనపు కథ) కూడా ఈ ఎడిషన్‌లోనే ఉంది. సెర్బెరస్ జనరల్ పెట్రోవ్‌స్కీ నుంచి స్టేషన్ తిరిగి తీసుకోవడం కథ. నా అభిప్రాయంలో ఇందులో కాల్పులు ఎక్కువ, ఎత్తుగడలు తక్కువ. మన పాత టీమ్‌ను తీసుకెళ్లడం కుదరదు. ఆరియా, నైరీన్ మాత్రమే మనతో ఉంటారు.

అయినా నైరీన్ కోసం ఆడాలి. టాలన్స్ ముఠాను నడిపే ఆమె ఒకప్పుడు ఆరియాకు ప్రియమైన మనిషి. ఒమేగా ఎవరిదని ఆరియా ఆలోచిస్తుంది, అందులో బతికేవాళ్లు ఏమవుతారని నైరీన్ ఆలోచిస్తుంది. రియాక్టర్ దగ్గర ఈ తేడా మన మీద పడుతుంది. రియాక్టర్‌ను వెంటనే ఆపేస్తే పోరులో చిక్కుకున్న ఆరియాకు సాయం అందుతుంది, కానీ వేలమందికి ఊపిరి ఆడదు. కరెంటు దారి మళ్లిస్తే వాళ్లు బతుకుతారు, కానీ దానికి సమయం పడుతుంది. ఒక్కసారి, ఏమవుతుందో చూద్దామని, వెంటనే ఆపేశాను. ఆ తర్వాత నైరీన్ మాట్లాడిన తీరు విన్నాక ఆ పని మళ్లీ చేయలేకపోయాను.

తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, ఇంగ్లిష్ డైలాగులు వేగంగా వెళ్తాయి కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్సే ఆన్ చేసుకోండి. పీసీలో 120 జీబీ ఖాళీ ఉండాలి. నేరుగా మూడో భాగం మాత్రం మొదలుపెట్టకండి. రెండో భాగంలో ఆ సోఫా ముందు నిలబడి ఉంటేనే, మూడో భాగంలో సిటడెల్ బార్‌లో కూర్చున్న ఆరియాను చూసినప్పుడు ఆమె ఏం పోగొట్టుకుందో తెలుస్తుంది.